పదకొండు శుభ్రమైన రాళ్ళు

రాయి మీద స్పిరిట్ చుక్క పడింది.

బూడిదరంగు పలక ఒక్కసారిగా ముదురుబారింది. చల్లటి ఘాటు ముక్కుకు తగిలింది. ఆ తడిలో, అప్పటిదాకా లేని నల్లటి గీత ఒకటి పైకి తేలింది. తల దగ్గర మొదలై, నడుం మీదుగా, తోకదాకా. గీత పొడుగునా ముడులు... ముడి తర్వాత ముడి. జత కాళ్ళకొక ముడి.

మూడు సెకన్లు. నాలుగు.

స్పిరిట్ ఆరిపోయింది. గీత మళ్ళీ రాయిలోకి దిగిపోయింది.

"చూశారా అక్కా?" అంది పక్కనే నిలబడ్డ డాక్టరమ్మ. ఆమె చేతిలో డ్రాపర్ ఇంకా రాయి మీదే ఉంది.

మైక్రోస్కోపు ముందు కూర్చున్న సూదమ్మ చూసింది. చూడకపోయి ఉంటే బాగుండునని కూడా అనుకుంది. కానీ కన్ను ఒకసారి చూశాక చూడలేదనడం ఎవరి తరం?

డాక్టరమ్మ మనుషులకు డాక్టరు కాదు. యాభై కోట్ల ఏళ్ళ కిందట చచ్చిన పురుగులకు డాక్టరు. తన పేషెంట్లలో ఒక్కరూ బతకలేదనీ, అయినా ఒక్కరూ తన మీద ఫిర్యాదు చెయ్యలేదనీ మామూలు రోజుల్లో తనే జోకులు వేసుకుంటుంది. ఇవి మామూలు రోజులు కావు. ఈ రాయి ఈ మ్యూజియానిది కాదు. వేరే ఊరి మ్యూజియం వాళ్ళు చూసి ఇవ్వమని పంపించారు. శుక్రవారం పొద్దున పదింటికి వాళ్ళ వ్యాను వస్తుంది. పెట్టెలో పెట్టి అప్పజెప్పాలి.

ఇవాళ మంగళవారం.

సూదమ్మ అసలు పేరు హాజరుపట్టీలోనూ, రాళ్ళ పక్కన పెట్టే కార్డుల మీదా తప్ప ఎవరి నోటా రాదు. మ్యూజియం కింది అంతస్తులో, ఒకే ఒక్క కిటికీ ఉన్న గదిలో ఆమె పని. క్వారీ నుంచి రాళ్ళు వస్తాయి. రాయిలో పురుగు ఉంటుంది. పురుగు మీద ఇంకా కాస్త రాయి ఉంటుంది. ఆ కాస్త రాయిని సూదిమొనతో, రేణువు తర్వాత రేణువు, లేపెయ్యాలి. పెంకు గీరుకుపోకూడదు. కాలు విరగకూడదు. తుమ్ము వస్తే ముందు సూది పక్కన పెట్టి, లేచి, గుమ్మం దాటి, అక్కడ తుమ్మాలి.

ఇరవయ్యారేళ్ళుగా అదే పని. ఆమె చేతికి ఒక పేరుంది. శుభ్రమైన చెయ్యి అంటారు. పై ఊళ్ళ మ్యూజియంల వాళ్ళు కూడా అంటారు.

ఆ పేరే ఇప్పుడు ఆమెకు బరువైంది.

—

బురద నిదానంగా రాలేదు.

సముద్రం అడుగున గట్టు జారింది. కొండంత బురద ఒక్క పెట్టున దిగింది. పురుగు ఈదుతోంది. దాని తెడ్డుకాళ్ళు కదులుతున్నాయి, ఒక జత తర్వాత ఒక జత, వరుసగా. కళ్ళు దేన్నో చూశాయి. ఆ చూపు తలలోకి వెళ్ళే దారిలో ఉంది —

బురద.

అంతే. చూపు దారిలోనే ఉండిపోయింది.

మెదడు నిలవదనుకున్నారు అందరూ. పెంకు నిలుస్తుంది, ముల్లు నిలుస్తుంది, దవడ నిలుస్తుంది. మెదడు మాత్రం వెన్నలాంటిది, చచ్చిన పూటే కరిగిపోతుందనుకున్నారు. కానీ బురద అంత తొందరగా వచ్చి, గాలి చొరకుండా అంత గట్టిగా అదిమిపెడితే — ఎప్పుడో ఒకసారి, వెయ్యి రాళ్ళలో ఒక రాయిలో — నరం తన నలుపు వదిలిపెట్టి వెళుతుంది. ఒక పలుచటి బొగ్గుపొర. ఊదితే పోయేటంత పలుచన.

పెంకును చూస్తే అది ఎంత ఉండేదో తెలుస్తుంది. నరాన్ని చూస్తే అది ఏం చేసేదో తెలుస్తుంది. కంటికి వెళ్ళే నరం లావుగా ఉంటే, చూపుతో బతికిన జీవి. మీసానికి వెళ్ళేది లావైతే, తడుముకుంటూ బతికింది. తలలో ముడులు ఎన్ని, ఏది ఎక్కడ కలిసింది అన్నదాన్ని బట్టి, ఇది తేలుకు ముత్తాతో, రొయ్యకు పెద్దమ్మో తేల్చవచ్చు. యాభై కోట్ల ఏళ్ళ చుట్టరికం ఒక వెంట్రుకంత గీత మీద ఆధారపడి ఉంటుంది.

డాక్టరమ్మ పదేళ్ళుగా ఈ గీత కోసమే వెతుకుతోంది. దొరికింది. దొరికినా చాలదు.

ఒక్క రాయి సాక్ష్యం కాదు. ఒక్క రాయిలో నల్లగీత అంటే, పురుగు తిన్న తిండి కావచ్చు. కుళ్ళు కావచ్చు. రాతిసందులోంచి ఊరిన ఏదో మరక కావచ్చు. రెండో రాయి కావాలి. అదే పురుగు, అదే చోట, అదే గీత.

పై అంతస్తులో, నాలుగో బీరువాలో, అదే తెడ్డుకాళ్ళ పురుగులు పదకొండు ఉన్నాయి. అదే క్వారీవి. పదకొండింటినీ డాక్టరమ్మ మధ్యాహ్నమే దించుకొచ్చి, వరసగా పరిచి, ఒక్కొక్కదాని మీదా స్పిరిట్ చుక్క వేసి చూసింది.

ఏమీ లేదు. పదకొండూ తళతళా మెరుస్తున్నాయి. ఒక్కదాని మీద ఒక్క మచ్చ లేదు. ప్రతిదాని పక్కనా కార్డు. కార్డు మీద సూదమ్మ గుండ్రటి చేతిరాత. 'పూర్తిగా శుభ్రం చేయబడింది. మరకలు లేవు.'

"పదకొండింట్లో లేదు, ఒకదాంట్లో ఉంది. అంటే ఇది నరం కాదక్కా, మరకే. అలాగే రాసి పంపించేస్తా." డాక్టరమ్మ నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. "వేరేవాళ్ళు శుభ్రం చేసుంటే అనుమానపడేదాన్ని. మీ చెయ్యి కాబట్టి నమ్ముతున్నా."

సూదమ్మ కార్డుల మీంచి కళ్ళు తిప్పుకుంది. తేలు కుట్టిన దొంగ అరవగలడా?

—

గీకింది తనే.

నల్లగా కనబడితే మురికి. మురికి కనబడితే సూది. నాన్న నేర్పిన పాఠం అది. తనకన్నా ముందు ఇదే బల్ల ముందు ముప్ఫై ఏళ్ళు కూర్చున్న నాన్న. మ్యూజియంలో ఆయన్ని పెద్దసూది అనేవాళ్ళు. ఫొటో తీసేవాళ్ళకు పురుగు తెల్లగా, అంచులు కోసినట్టుగా కనబడాలి. అద్దాల పెట్టె ముందు నిలబడే జనానికీ అంతే. కడుపులో నల్లటి చార ఉంటే, రాయికి రోగమొచ్చినట్టుంటుందని ఆయన అనేవాడు. క్వారీలో రాయిని చీలిస్తే పురుగు రెండు పలకల మీదికీ పంచుకుపోతుంది కదా, ఆ రెంటిలో మంచిది ఉంచి, రెండోది పారేసేవాళ్ళు. పారేసినవన్నీ ఎప్పుడో పెరటి దారికి కంకరగా పోయాయి. వాటి మీద సిమెంటు పోశారు. దాని మీద ఇప్పుడు మ్యూజియం అధికారి కారు నిలబడుతుంది.

పనివాడికి పని మీద ప్రేమ ఎక్కువైతే ఇలాగే ఉంటుంది. తుడిచి తుడిచి బొమ్మనే తుడిచేస్తాడు.

మొదటి రాయి గుర్తుంది. అప్పుడు ఆమెకు ముప్ఫై రెండేళ్ళు. చార సులువుగా లేచొచ్చింది. సూది వాలుగా పెట్టి తోస్తే చాలు, పొలుసులు పొలుసులుగా రాలింది. బ్రష్‌తో ఊడ్చేసింది.

రెండోది. అదే చోట చార. ఊడ్చేసింది.

మూడోది. ఊడ్చేసింది.

నాలుగో రాయి దగ్గర చెయ్యి ఆగింది.

వానాకాలం పొద్దు. కిటికీ మీద నీళ్ళు. రాయి ఇంకా సగం మూసే ఉంది, తల బయటపడనే లేదు. అయినా చార ఎక్కడుంటుందో ఆమెకు ముందే తెలుసు. ఎక్కడ ముడి పడుతుందో తెలుసు. తలలో ఎక్కడ రెండుగా చీలి కళ్ళవైపు వెళుతుందో తెలుసు. తెలిసిన చోటల్లా సూది పెట్టింది. తెలిసిన చోటల్లా చార ఉంది.

అప్పుడు అనుకుంది. స్పష్టంగా, మాటల్లోనే అనుకుంది.

మురికికి అలవాట్లుండవు.

మురికి ఎక్కడ పడితే అక్కడ పడుతుంది. ఒకసారి మూలన, ఒకసారి నడిమధ్యన. నాలుగు రాళ్ళలో నాలుగుసార్లూ ఒకే దారిన నడిచేది మురికి ఎలా అవుతుంది?

పక్క బల్ల మీద పని చేసుకుంటున్న నాన్న తలెత్తాడు. ఆయనకప్పుడు ఉద్యోగం ఇంకా ఏడాదే ఉంది.

"ఏం, ఆగావ్?"

"ఏం లేదు నాన్నా."

గీకేసింది.

అయిదోది గీకింది. ఆరోది. ఏడు, ఎనిమిది... పదకొండు. తెలియక గీకినవి మూడు. తెలిసి గీకినవి ఎనిమిది. ఇన్నేళ్ళూ ఆ లెక్క ఎవరూ అడగలేదు కాబట్టి, తనను తాను కూడా అడగలేదు.

—

బుధవారం ఆమె కుదురుగా కూర్చోలేకపోయింది.

కాలు కాలిన పిల్లిలా గదిలో తిరిగింది. బల్ల మీద సూదులు సైజుల వారీగా సర్దింది. కలిపేసి మళ్ళీ సర్దింది. దీపం తుడిచింది. బల్ల కింద మోకాలు తనంతట తానే ఊగుతుంటే చేత్తో అదిమి పట్టింది. అదిమితే రెండో మోకాలు మొదలుపెట్టింది.

పై గదిలో డాక్టరమ్మ టైపు చేస్తున్న చప్పుడు. టకటక. టకటక. 'మరక' అని రాస్తోంది. 'నరం కాదు' అని రాస్తోంది. అది అచ్చయితే, రేపు ఎక్కడో ఇంకెవరికో ఇలాంటి రాయి దొరికినా వాళ్ళు ఇది చదివి, ఓహో ఇది కూడా మరకేనని సూది తీస్తారు. అబద్ధం ఒక్కచోట ఆగదు. దానికి రాయికన్నా ఆయుష్షు.

చెబితే?

చెబితే శుభ్రమైన చెయ్యి అన్న పేరు పోతుంది. పేరు పోతే పోయింది, ఉద్యోగం కూడా పోవచ్చు. ఎనిమిది రాళ్ళు తెలిసి పాడుచేసిన మనిషికి తొమ్మిదోది ఎవరిస్తారు?

చెప్పకపోతే? ఏమీ కాదు. అదే భయం. ఏమీ కాదు. ఎప్పట్లాగే పొద్దున వస్తుంది, ఎప్పట్లాగే సూది పట్టుకుంటుంది, డాక్టరమ్మ ఎప్పట్లాగే అక్కా అని పిలుస్తుంది. నాలుకకు నరం లేదంటారు, ఎటు తిప్పితే అటు తిరుగుతుందట. మరి తన నాలుక ఎటూ తిరగకుండా అంగిట్లో ఎందుకు అతుక్కుపోయింది?

సాయంత్రం ఇంటికి వెళితే నాన్న బఠాణీలు ఒలుస్తున్నాడు. ఒళ్ళో పేపరు, కుడివైపు గిన్నె, ఎడమవైపు చాట. గింజలు గిన్నెలోకి, తొక్కలు చాటలోకి. ఆయన చేతులు ఇప్పటికీ తప్పుచెయ్యవు. ఆమె చెప్పులు కూడా విప్పకుండా ఎదురుగా కూర్చుంది. రాయి సంగతి చెప్పింది. గీత సంగతి చెప్పింది. పదకొండు రాళ్ళ సంగతి ఆయనకు చెప్పక్కర్లేదు.

"నాలుగోదాని దగ్గర నాకు తెలిసింది నాన్నా."

కాయ విరిచాడు. గింజలు వేలితో తోశాడు. ఇంకో కాయ తీశాడు.

"నాకు రెండోదాని దగ్గరే తెలిసింది," అన్నాడు. "నీ భుజం మీంచి చూశాను."

గోడ గడియారం చప్పుడు. అది ఇంత గట్టిగా కొట్టుకుంటుందని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు.

"మరెందుకు చెప్పలేదు?"

"ఎందుకాగావని అడిగాగా? నువ్వు చెప్తావేమోనని."

ఆయన చెబుతాడేమోనని ఆమె. ఆమె చెబుతుందేమోనని ఆయన. మధ్యలో ఎనిమిది పురుగుల నరాలు బ్రష్‌తో ఊడ్చి చెత్తబుట్టలోకి. ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయన మీదో, తన మీదో తెలియని కోపం. ముప్ఫై ఏళ్ళు నల్లచారలు గీకిన మనిషికి, ఉద్యోగం చివరి ఏడాదిలో అనుమానమొస్తే, ఆ అనుమానం ఒక్క రాయి దగ్గర ఆగదు కదా... వెనక్కి నడుస్తుంది. ఆయన గీకిన రాళ్ళన్నిటి దగ్గరికీ నడుస్తుంది. అందుకే ఆయన అడిగి ఊరుకున్నాడు. ఆ సంగతి ఆమెకు అర్థమైంది. అర్థమైనా కోపం తగ్గలేదు.

"రేపు చెప్పేస్తా."

"చెప్తే గీకింది అతుక్కుంటుందా?"

"అతుక్కోదు."

"ఆ మాట నీ ఒక్కదానికే రాదు. మనకొస్తుంది."

"తెలుసు నాన్నా."

ఆయన ఒలుస్తూ పోయాడు. కాసేపటికి ఆమె చూసింది. గింజలు చాటలోకి పోతున్నాయి, తొక్కలు గిన్నెలోకి. ఆయనకు తెలియడం లేదు. ఆమె చెప్పలేదు. చూస్తూ కూర్చుంది.

—

బురద నిదానంగా రాలేదు. మాట కూడా నిదానంగా రాలేదు.

గురువారం పొద్దున మెట్లెక్కుతూ ఎలా మొదలుపెట్టాలో పదిరకాలుగా అనుకుంది. తలుపు తీసి, నిలబడే, ఒక్క గుక్కలో చెప్పేసింది. "ఆ పదకొండింట్లోనూ గీత ఉండేదమ్మా. నేనే గీకేశాను."

డాక్టరమ్మ వేళ్ళు టైపు చేస్తూ చేస్తూ ఆగాయి.

"పదకొండూనా?"

"పదకొండూ."

"తెలీక కదా అక్కా?"

ఆ ప్రశ్నలో ఒక తలుపు తెరిచి ఉంది. అవునంటే చాలు, అందులోంచి వెళ్ళిపోవచ్చు. వెనకాల అది మూసుకుంటుంది కూడా.

"మూడు తెలీక. మిగతావి తెలిసే."

డాక్టరమ్మ లేచి వెళ్ళిపోయింది. వరండాలో ఆమె చెప్పుల చప్పుడు ఆ చివరికి వెళ్ళింది. ఈ చివరికి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. సూదమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. సిగ్గు అంటే ఇంత వేడిగా ఉంటుందని ఈ వయసులో తెలిసింది. చెవులు కాలిపోతున్నాయి. అయినా రెండు రోజులుగా ఊగుతున్న మోకాలు ఊగడం లేదు. ఆ తేడా కూడా తెలిసింది.

డాక్టరమ్మ తిరిగొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గొంతు మాత్రం పొడిగా ఉంది.

"నేనేమని రాయాలి? మా సూదమ్మ ఉండేదని చెప్పింది, కాబట్టి ఉండేది అని రాయనా? నవ్వుతారు."

నిజమే. నవ్వుతారు. రాయి సాక్ష్యం. ఫొటో సాక్ష్యం. గీకేసిన మనిషి మాట సాక్ష్యమేమిటి?

డాక్టరమ్మ ప్రింటరులోంచి ఒక తెల్లకాగితం లాగింది. బల్ల మీద పెట్టింది. పెన్సిల్ పెట్టింది.

"వెయ్యండి. ఎలా ఉండేదో."

సూదమ్మకు బొమ్మలు రావు. ఆమెకు వచ్చింది గీకడమే. పెన్సిల్‌ను సూది పట్టుకున్నట్టే పట్టుకుంది, వాలుగా, మొన దగ్గరగా. కళ్ళు మూసుకుంది. తోక దగ్గర మొదలుపెట్టింది, ఎప్పుడూ తోక దగ్గరే మొదలుపెట్టేది కాబట్టి. గీత. ముడి. గీత. ముడి. చెయ్యి తనంతట తాను నడుస్తోంది. ఇక్కడ పొర మందం, కాస్త నొక్కాలి. ఇక్కడ పలుచన, వదలాలి. పదకొండుసార్లు చెరిపిన దారి. చెరిపిన వేళ్ళకే గుర్తుంది. తల దగ్గర గీత లావయింది. రెండుగా చీలింది. కుడికన్ను. ఎడమకన్ను.

చెయ్యి ఆగలేదు.

రెంటి నడిమధ్య నుంచి, ముందుకు, సన్నగా ఇంకో గీత. గోరంత పొడుగు. చివర చిన్న చీలిక.

అప్పుడు ఆగింది. కళ్ళు తెరిచింది.

డాక్టరమ్మ కాగితం మీదికి వంగింది. అరువొచ్చిన రాయి ఫొటో తెచ్చి పక్కన పెట్టింది. గీత, సరే. ముడులు, సరే. కళ్ళకు వెళ్ళే రెండూ, సరే. ఆ మూడోది ఫొటోలో లేదు.

"మొదటి రెండూ మీరు మొన్న మైక్రోస్కోపులో చూశారు. చూసింది వేశారంటారు," అంది నెమ్మదిగా. "ఈ మూడోది ఎక్కడిది?"

"అది ఆఖరున వచ్చేది. నుదుటి దగ్గర. గీకడానికి అన్నిటికన్నా కష్టం. ఈ రాయిలో కనబడదు డాక్టరమ్మా. నుదురు ఇంకా రాయి కిందే ఉంది. పలుచటి పొర. వాళ్ళెవరో అక్కడిదాకా తియ్యకుండా వదిలేశారు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

పొర తీస్తే, కింద ఆ మూడో గీత ఉంటే... చూడనిదాన్ని ముందే గీసిన చెయ్యి అబద్ధం చెప్పలేదు. పదకొండు రాళ్ళలో ఉన్నది నరమే. ఇందులో ఉన్నదీ నరమే. రెండు కళ్ళే కాక నుదుటి మీద మూడోది ఏదో వెలుతురును కనిపెట్టేది ఉందన్నమాట ఆ పురుగుకు.

లేకపోతే — పదకొండు రాళ్ళు పాడుచేసి, పన్నెండోదాని మీద కథ చెప్పిన మనిషి. అంతే.

పరాయి రాయి. అడగకుండా సూది పెట్టకూడదు. డాక్టరమ్మ అక్కడికి ఫోన్ చేసింది. గది చిన్నది, అవతలి పెద్దమనిషి గొంతు ఇవతలికి బాగానే వినబడుతోంది. పొర తియ్యాలంటే ఎవరు తీస్తారని అడిగాడు. సూదమ్మ అని చెప్పగానే ఆయన గొంతు తేలికపడింది. ఆ శుభ్రమైన చెయ్యేనా, అయితే ఇంకేం, కానివ్వండి అన్నాడు.

సులువుగా అయిపోయింది. అబద్ధం మీద పెరిగిన పేరు, ఎంత చక్కగా పనికొచ్చిందో. డాక్టరమ్మ ఫోన్ పెట్టెయ్యబోతూ ఆమె వైపు చూసింది. సూదమ్మ తల అడ్డంగా ఊపింది.

చెప్పమంది.

డాక్టరమ్మ చెప్పింది. ఏదీ దాచలేదు. మూడు తెలియక, ఎనిమిది తెలిసి అని కూడా చెప్పింది. అవతల ఎంతసేపు నిశ్శబ్దమంటే, లైను కట్టయిందేమోనని ఆమె ఫోన్ చెవి నుంచి తీసి చూసుకుంది.

"మా దగ్గరా నల్లచారల రాళ్ళు గీకినవాళ్ళున్నారమ్మా," అన్నాడు చివరికి. "ఎవరూ చెప్పలేదు." అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. "రేపు పదింటికి వ్యానొస్తుంది. ఆలోపల చెయ్యండి. కార్డు మీద ఆవిడ పేరు రాయండి, ఏమైనా సరే."

—

శుక్రవారం పొద్దున ఏడింటికే వచ్చింది.

నాన్న రాత్రి అన్నం తిన్నాడు, పొద్దున టీ తాగాడు, ఒక్కమాట మాట్లాడలేదు. ఆమె బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చాడు. ఏదో అంటాడనుకుంది. ఆమె గొడుగు అందించి లోపలికి వెళ్ళిపోయాడు. వాన లేదు.

ఏడున్నర. దీపం వాలుగా తిప్పింది. అన్నిటికన్నా సన్నటి సూది తీసింది. అదీ లావనిపించి, నూనెరాయి మీద ఇంకా నూరింది.

ఎనిమిది. మొదటి రేణువు లేచింది.

చెయ్యి వణుకుతోంది. ఇరవయ్యారేళ్ళలో వణకని చెయ్యి. వణికినప్పుడల్లా సూది పైకెత్తి, ఊపిరి వదిలి, మళ్ళీ దించింది. గీకడానికి ధైర్యం అక్కర్లేదు, గీకేస్తూ పోవచ్చు. ఆగడానికి కావాలి. ఎక్కడ ఆగాలి? రాయి ఎక్కడ అయిపోయింది, పురుగు ఎక్కడ మొదలైంది? మధ్యలో ఉన్నది కాగితమంత మందం కూడా కాదు. ఒక్క తోపు ఎక్కువైతే, నరం ఉన్నా లేనట్టే. తను మళ్ళీ గీకేసినట్టే. ఈసారి ఎవరూ నమ్మరు, తనతో సహా.

ఎనిమిదిన్నర. తొమ్మిది.

సముద్రం లేదు. బురద రాయి అయింది, రాయి కొండయింది, కొండ క్వారీ అయింది. అయినా ఎక్కడో ఆ చూపు ఇంకా దారిలోనే ఉంది. కంటి నుంచి తలకు పోయే దారిలో. యాభై కోట్ల ఏళ్ళుగా, చేరకుండా.

తొమ్మిదింబావు. పొర పలుచనైంది. దీపం వెలుతురు దానిలోంచి కాస్త దిగుతోంది. డాక్టరమ్మ కిటికీ దగ్గర నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది. నిన్నటి నుంచి అక్కా అని పిలవలేదు. ఏమనీ పిలవలేదు.

తొమ్మిదీ నలభై.

ఒక పెచ్చు. ఆవగింజలో సగం ఉండదు. సూదిమొన కింద కదిలింది. లేచింది. దాని అంచు కింద, అది వదిలిన చిన్న గుంటలో —

నలుపు.

నీడ కావచ్చు. పెచ్చు అంచు నీడ సరిగ్గా ఇలాగే పడుతుంది. గీత కావచ్చు. ఇంకొక్క పెచ్చు తీస్తే తెలిసిపోతుంది. ఇంకొక్క తోపు. వేళ్ళు ముందుకు వంగాయి. ఆ నలుపు చూసి ఇరవయ్యారేళ్ళుగా వేళ్ళు చేసే పని ఒక్కటే, వాటికి ఇంకోటి రాదు.

బయట వ్యాను ఆగిన చప్పుడు. తలుపు తెరిచిన చప్పుడు. మెట్ల మీద ఎవరివో బూట్లు.

సూదమ్మ సూది బల్ల మీద పెట్టింది.

వేళ్ళు ఒప్పుకోలేదు. అయినా పెట్టింది. కుర్చీ వెనక్కి తోసి లేచింది.

"నల్లగా ఉంది," అంది. "నేను ముట్టుకోను. ముందు మీరు చూడండి."

డాక్టరమ్మ వచ్చి కూర్చుంది. జుట్టు చెవి వెనక్కి తోసుకుంది. మైక్రోస్కోపు మీదికి వంగింది. మరను ఒక చుట్టు తిప్పింది. సగం చుట్టు వెనక్కి తిప్పింది.

బూట్లు గుమ్మం దగ్గర ఆగాయి. సూదమ్మ అటు చూడలేదు. డాక్టరమ్మ వీపు మీదే ఆమె కళ్ళున్నాయి. ఆ భుజాలు ఊపిరి తీసుకున్నాయి. తీసుకున్న ఊపిరి వదల్లేదు.

ఏమీ అనలేదు.

తర్వాత, కన్ను ఎత్తకుండానే, "అక్కా..." అంది.